పదిహేను ఆంప్స్ చుట్టరికం

మొన్న కాలేజీలో పేపర్లు దిద్దుతుంటే కార్ల షోరూం నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి.

"మీ మేడం గారి కరెంటు కారుకు ఎక్స్చేంజ్ ఆఫర్ ఉంది మేడం. ఆమె నంబరు కలుస్తలేదు. రెండో నంబరని మీది రాసి ఉంది" అంది.

"ఆమె లేరమ్మా" అన్నాను.

"ఎప్పుడొస్తరు మేడం?"

"ఉగాదికి ముందు చనిపోయారు."

"సారీ మేడం" అంది. తర్వాత, ఉద్యోగం ఉద్యోగమే కనక, "కారు ఎట్లున్నది మేడం, బాగున్నదా?" అని అడిగింది.

బాగానే ఉందని చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత ఇక పేపర్ల మీద మనసు నిలవలేదు. సిస్టరమ్మ బతికి ఉండి ఆ మాట వింటే ఆ పిల్లను మెచ్చుకునేది. ఆమె పలకరింపు కూడా అంతే. మనిషి బాగోగులు తర్వాత, బండి సంగతి ముందు.

ఖమ్మంలో మేము కిరాయికుండే ఇంటి పైభాగంలో ఆమె ఉండేది. ఇల్లు ఆమెదే. దుమ్ముగూడెం అవతల అడవి పల్లెల్లో ఉద్యోగమంతా నర్సుగా చేసి రిటైరైంది. భర్త ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. పాలవాడి నుంచి మునిసిపాలిటీ వాళ్ళ దాకా అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవాళ్ళు. కాన్పు చేసేటప్పుడు ఆమె చేయి వణకదని, అర్ధరాత్రి వాగు దాటి వచ్చేదని అక్కడి వాళ్ళు చెప్పగా విన్నాను. కానీ ఆ ధైర్యమంతా బస్టాండు గేటు దగ్గర ఆగిపోయేది. ఆమెకు డీజిలు వాసన పడదు.

పడదంటే మామూలుగా కాదు. బస్సు కదలనక్కర్లేదు, ఇంజను వేస్తే చాలు, ఆమె ముఖం పాలిపోయేది. నిమ్మకాయ వాసన చూసింది, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుంది, ఎవరో చెప్తే కడుపు మీద న్యూస్ పేపరు కట్టుకొని దాని మీద చీర కట్టుకుంది. పేపరు తడిసింది తప్ప ఉపయోగం లేకపోయింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డాక్టరు జీపులో పోతుంటే ఈమె వెనకాల సైకిలు మీద పోయేదట. జీపు కంటే ముందు చేరిన రోజులూ ఉన్నాయనేది. అది నేను పూర్తిగా నమ్మలేదు.

రిటైరయ్యాక ఒక చిక్కు వచ్చి పడింది. ఆమె చేతుల మీద పుట్టిన పిల్లలందరూ పెళ్ళీడుకొచ్చారు. ప్రతి పెళ్ళికీ ఆమెకు పిలుపు. "నా చేతిల పడ్డ పిల్ల, బిడ్డా. బొడ్డు నేనే కోసిన" అని చెప్పేది. పోవాలంటే భద్రాచలం దాకా బస్సు, అక్కడి నుంచి జీపో ఆటోనో. ఆమెకు రెండూ నరకమే. ఎవరి చేతనో చీర, జాకెట్టు గుడ్డ పంపించి, పెళ్ళి ముహూర్తం వేళకు పైన వరండాలో ఒక్కతే కూర్చునేది. ఆ పూట వంట చేసుకునేది కాదు. నేను అన్నం పట్టుకెళితే, "ఇప్పుడు అక్కడ పప్పు వడ్డిస్తుంటరు" అనేది.

ఒకరోజు స్టేషన్ దగ్గర తెలియక బ్యాటరీ ఆటో ఎక్కింది. ఇంటిముందు దిగి, ఆటోవాడికి దండం పెట్టినంత పనిచేసి, నా దగ్గరికొచ్చి "వాంతి కాలే బిడ్డా" అంది. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా మనుషులు అంత సంతోషంగా చెప్పరు. ఆ వారంలోనే కరెంటు కారు కొంటానంది.

దసరా ఆఫర్లప్పుడు నన్ను తోడు తీసుకొని షోరూంకు వెళ్ళింది. టై కట్టుకున్న సేల్స్ అబ్బాయి కారు లోపలి తెర మీద వేలితో ఏవేవో జరిపి చూపిస్తున్నాడు. ఆమె అవేవీ చూడలేదు. తలుపు తీసి, తల లోపల పెట్టి, గట్టిగా వాసన చూసి, వెంటనే బయటికొచ్చి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"కొత్త వాసనొస్తున్నది" అంది.

"కొత్త కారు కదా మేడం."

"వాసన పోయినది లేదా?"

ఆ అబ్బాయి అమ్మకంలో ఈ ప్రశ్న ఎప్పుడూ ఎదుర్కొన్నట్టు లేదు. చివరికి షోరూం వెనక, జనం ఎక్కి దిగి చూడటానికి ఉంచిన డెమో కారు దగ్గరికి తీసుకెళ్ళాడు. తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండి, దానికి ఏ వాసనా మిగల్లేదు. ఆమె లోపల కూర్చుని, తలుపులన్నీ వేసుకొని, కళ్ళు మూసుకుంది. ఎంతకీ తెరవదు. "మేడం పడుకున్నరా?" అని ఆ అబ్బాయి నన్ను మెల్లగా అడిగాడు. నేనూ అదే అనుకుంటున్నాను. అంతలో అద్దం దించి, "గిదే ఇయ్యి" అంది.

"డెమో బండి కాబట్టి డిస్కౌంటు ఉంటది మేడం" అన్నాడు వాడు సంబరంగా.

"నేను అడగలే గదా."

"అడగకున్నా ఉంటది మేడం. గీతలు పడ్డయి, అందరు తిరిగిన బండి. మీరు తీసుకోవాలె."

కొనేవాళ్ళు తగ్గించమని, అమ్మేవాళ్ళు కుదరదని అనడం చూశాను గానీ, ఇలా తగ్గింపు తీసుకోమని బతిమాలడం అక్కడే చూశాను. పైగా ఎక్స్చేంజ్ బోనస్ కూడా ఉంటుందని, ఇంట్లో పాత బండి ఏదైనా ఉందా అని అడిగాడు. అది అడగకుండా ఉండాల్సింది. మర్నాడు సిస్టరమ్మ తన సైకిలు మీద వచ్చి, షోరూం గాజు తలుపు తోసుకొని, మెరిసే టైల్సు మీద రెండు కొత్త కార్ల నడుమ స్టాండు వేసింది.

మేనేజరు తన గదిలోంచి లేచి వచ్చాడు. "సైకిలుకు ఎక్స్చేంజ్ రాదు మేడం. రిజిస్ట్రేషన్ నంబరుండాలె."

"దీనికి నంబరు లేకపోవచ్చు, పేరైతే ఉన్నది. దుమ్ముగూడెం పోయి అడుగు, ఎవరి సైకిలో చెప్తరు."

"మీరు గవర్నమెంటు ఎంప్లాయీనా మేడం? దానికి వేరే డిస్కౌంటున్నది."

"రిటైరైన."

"రిటైరైతే మా సిస్టం తీసుకోదు."

"పింఛనిచ్చే సర్కారే నన్ను మర్చిపోలే. నీ సిస్టం ఎందుకు మర్చిపోతది?"

మేనేజరు సైకిలు వంక, గాజు తలుపు అవతల ఆగి చూస్తున్న జనం వంక చూశాడు. లోపలికి పోయి ఏదో పేరు మీద ఇంకొంత తగ్గించి వచ్చాడు. కాగితం మీద ఆ తగ్గింపు ఎదురుగా 'ఇతరములు' అని ఉంది. సైకిలు మాత్రం ఎవరూ తీసుకోలేదు. కారు ఇంటికి తెచ్చిన రోజు ఆమెకింకా డ్రైవింగ్ రాదు కనక, ఆమె సైకిలు మీద ముందు, సేల్స్ అబ్బాయి కారులో వెనక. సైకిలు వేగానికి కారు, కారు వెనక ట్రాఫిక్కు. వైరా రోడ్డు మీద అంత నెమ్మదిగా సాగిన ఊరేగింపు దేవుడికి కూడా జరగలేదు.

డ్రైవింగ్ తన కారులోనే నేర్చుకుంది. నేర్పే మాస్టారి ఎడమకాలు పాపం లేని క్లచ్చి కోసం వెతుక్కుంటూనే ఉండేది. ఆయన డ్రైవింగ్ బడి కారు ఎక్కనంది, అది పెట్రోలుది.

ఆ తర్వాత రేంజి అనే మాట మా ఇంట్లోకి వచ్చింది. ఒకసారి ఛార్జింగ్ పెడితే బండి ఎంత దూరం పోతుందన్నదే రేంజి. షోరూం వాళ్ళు చెప్పినది ఒకటి, తెర మీద చూపించేది ఇంకొకటి, నిజంగా పోయేది మూడోది. మా ఆయన ఇది మోసమన్నాడు. సిస్టరమ్మకు అందులో వింతేమీ కనపడలేదు. "డాక్టరమ్మ రాసే తారీఖొకటి, తల్లి చెప్పే తారీఖొకటి, బిడ్డ వచ్చే రోజొకటి. ఇదీ గంతే" అంది.

అయినా ఆ అంకెను పొద్దున సాయంత్రం బీపీ చూసినట్టు చూసేది. తగ్గితే కారు బానెట్ మీద చేయి వేసి, "ఎండకు నీరసమొచ్చింది" అనేది. ఏసీ వేస్తే రేంజి తగ్గుతుందని ఎండాకాలంలో కూడా వేయనిచ్చేది కాదు. వెనకసీట్లో నాలుగు తాటాకు విసనకర్రలుండేవి, ఎక్కిన ప్రతివాళ్ళకూ ఒకటి ఇచ్చేది. ఎక్కేముందు బరువు అడిగేది. మా అత్తగారు సిగ్గుపడి తగ్గించి చెప్పింది. మధిర దారిలో అంకె గబగబా పడిపోతుంటే, సిస్టరమ్మ అద్దంలోంచి ఆమెనే చూస్తూ, "వదినా, నిజం చెప్పు" అంది. అత్తగారు ఆ దారిలోనే నిజం చెప్పేసింది.

అన్నిటికంటే కష్టమైన నియమం, కారులో ఎవరూ వాదులాడకూడదు. "కోపమొస్తే కాలు గట్టిగ పడతది. కాలు పడితే కిలోమీటర్లు పోతయి" అనేది. ఒకసారి మా ఆయన ఎన్నికల సంగతి ఎత్తి గొంతు పెంచాడు. ఆమె ఏమీ అనకుండా బండిని రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపి చేతులు కట్టుకొని కూర్చుంది. ఆయన చల్లబడ్డాక కదిలించింది. పెళ్ళై ఇన్నేళ్ళయినా ఆయన నోరు ఎట్లా ఆపాలో నాకు తెలియలేదు, ఆమె హ్యాండ్ బ్రేకుతో ఆపింది.

ఇక ప్లగ్గు సంగతి. దూరం పోతే ఎక్కడో ఒకచోట ఛార్జింగ్ పెట్టుకోవాలి. మామూలు ప్లగ్గు చాలదు, గీజరుకు పెట్టే పెద్దది, పదిహేను ఆంప్స్‌ది కావాలి. దాంతో ఆమె చుట్టాలందరి వరసలూ కొత్తగా మారిపోయాయి. సత్తుపల్లిలో ఎన్నడూ చూడని ఒక మేనత్త తోటికోడలి కొడుకు, ఇంట్లో పదిహేను ఆంప్స్ ఉందని, సొంత తమ్ముడికంటే ఎక్కువైపోయాడు. ఇల్లెందులో ఉన్న దగ్గరి చుట్టం, పాత ఇల్లు, ఎర్తింగు సరిగ్గా లేదని, దూరమైపోయింది. ఫోన్లో బాగున్నరా అనే ముందే, "మీ ఇంట్ల పదిహేను ఆంప్స్ ఉందా?" అని వినపడేది. ఎవరో పెళ్ళి సంబంధం గురించి సలహా అడిగితే పిల్లవాడి ఉద్యోగం, గుణం, ప్లగ్గు, ఈ మూడూ విచారించమంది.

అన్ని దిక్కులకూ ఇట్లా ఏర్పాట్లు చేసుకుంది గానీ, ఆమె పోవాలనుకున్న భద్రాచలం దారిలో మాత్రం ఎవరూ లేరు. కొత్తగూడెంలో ఒక ఛార్జింగ్ మిషను ఉండేది, దానికి ఎప్పుడూ గోనెపట్టా కప్పి ఉండేది. ఎవరూ లేరంటే పూర్తిగా నిజం కాదు. ఒక్కడున్నాడు. పాల్వంచ దాటాక, బూర్గంపాడు రాకముందు, రోడ్డు పక్కనే ఇల్లు. ఆమె సొంత అన్న. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

కారణం నాకు ఆమే చెప్పింది. అన్న డీజిలు మెకానిక్కు. బొగ్గు లారీలన్నీ ఆయన షెడ్డులోనే బాగయ్యేవి. ఆయన దగ్గర, ఆయన చొక్కా దగ్గర, ఆయన చేతిలోంచి తీసుకున్న మంచినీళ్ళ గ్లాసు దగ్గర కూడా డీజిలు వాసనే. చిన్నప్పటి నుంచి ప్రాణంగా ఉన్న అన్న దగ్గర ఆమె ముక్కు మూసుకొని కూర్చునేది. ఆయన కూతురి పెళ్ళికి బస్సు మాట్లాడారు. వద్దంటున్నా అందరూ "ఏం కాదు, ఎక్కు" అని ఎక్కించారు. దారిలో, ముందు సీట్లో కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామ తెల్లపంచె మీద అయిపోయింది. ఆయన అలిగి బస్సు దిగాడు. పెళ్ళి ఆగినంత పనైంది. ఆ గొడవలో అన్న అందరి ముందు, "దీన్నెందుకు తోలుకొచ్చిండ్రు?" అన్నాడు.

"దీన్ని అన్నడు బిడ్డా" అని ఆగింది. "వాంతి అందరికైతది." ఆమె పెళ్ళిభోజనం చేయకుండా నడిచి వచ్చేసిందట. తర్వాత ఎవరు కబురు పంపినా అన్న గడప తొక్కలేదు.

కారు కొన్న మొదటి ఏడే ఒక పెళ్ళి పిలుపు వచ్చింది. పెళ్ళికూతురు పుట్టినప్పుడు ఏడవలేదట, ఈమె తలకిందులుగా పట్టుకొని వీపు మీద చరిస్తే అప్పుడు ఏడ్చిందట. "దీనికి పోకుంటే ఇంక దేనికి పోతం" అని నన్ను ఎక్కించుకొని తెల్లారగట్లనే బయల్దేరింది. ఏసీ లేదు, పాటల్లేవు. ముప్పై దాటకుండా నడిపింది. బొగ్గు లారీలు వెనక బారులు తీరి హారన్లు కొడుతుంటే, అద్దాలు ఎత్తేసి ఊపిరి బిగబట్టింది.

పాల్వంచ దాటాక ఆమె ఇంకా నెమ్మదించింది. ఒక రేకుల షెడ్డు, 'డీజిల్ ఇంజన్ రిపేర్' అన్న బోర్డు కనిపించాయి. సరిగ్గా దాని ముందు కారు ఆగింది.

"ఛార్జింగ్ అయిపోయింది బిడ్డా" అంది.

నేను తెర చూశాను. భద్రాచలం పోయి ఇంకా అవతలికి పోయేంత ఉంది. నేనూ దిగాను.

షెడ్డులో నులకమంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆమె పోలికే, అదే ముక్కు. లేచి నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. సిస్టరమ్మ నాతో, "పదిహేను ఆంప్స్ ప్లగ్గు ఉన్నదేమో అడుగు బిడ్డా" అంది.

నేను అడగబోయేలోపే ఆయన నాతో, "ఉన్నదని చెప్పు" అన్నాడు.

ఇద్దరి మధ్యా నాలుగడుగులుంటాయి. మాటలన్నీ నా మీదుగా నడిచాయి. వంటింట్లో గ్రైండరు పక్కన ప్లగ్గు ఉందని, తీగ కిటికీలోంచి వేసుకోవచ్చని ఆయన నాకు చెప్పాడు. గ్రైండరు తీసి పక్కన పెట్టమని ఆమె నాకు చెప్పింది. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి, ఆడబిడ్డను చూసి కళ్ళు తుడుచుకొని, "ఏమన్నా తిన్నవా?" అని తిన్నగా ఆమెనే అడిగింది. ఆ ఇంట్లో తెలివైన మనిషి ఆమె ఒక్కతే అనిపించింది.

కరెంటు కారుకు తొందర తెలియదు. ఇంటి ప్లగ్గు మీద గంటల తరబడి ఎక్కుతుంది. మనం వేరే చోటికి పోలేం. ఆమె కుర్చీలో, ఆయన మంచం మీద, నేను నడుమ. కాకి అరిస్తే ఇద్దరూ కాకి వంక చూసేవాళ్ళు. భార్య పప్పు పోపు పెడుతూ, "మీరిద్దరు మాట్లాడితే కరెంటేమన్న పోతదా ఏంది?" అంది లోపలి నుంచి.

ఎంతసేపటికో ఆయన లేచి, టార్చిలైటు తీసుకొని, కారు చుట్టూ తిరిగాడు. బానెట్ ఎత్తించి చూశాడు. తర్వాత వెల్లకిలా పడుకొని కారు కిందికి దూరాడు. చాలాసేపు కాళ్ళు మాత్రమే కనిపించాయి. బయటికొచ్చి, బట్టలు దులుపుకోవడం కూడా మరచి, కంగారుగా ఆమె వంక చూశాడు.

"సైలెన్సర్ లేదు. పొగ ఎటు పోతది?" అన్నాడు.

"పొగ ఉండదన్నా" అంది ఆమె.

అన్నా అని వచ్చేసింది. వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. ఆయన మరేమీ అడగకుండా పెరట్లోకి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు, సబ్బు రుద్దుకుంటున్న చప్పుడు చాలాసేపు వినపడ్డాయి. తలంటుకొని, ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చాడు. మంచం ఉన్నచోటు వదిలి, గాలి ఎటునుంచి వస్తుందో చూసి, ఆమెకు వాసన తగలని పక్కకు కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. అది చూసి ఆమె తల తిప్పుకుంది.

"ఆ మేనమామ పోయిండు, పోయినేడు" అన్నాడు కాసేపటికి.

"ఎవరు, పంచె ఆయననా?"

"అవ్. షుగరు."

"అయ్యో" అంది. "మంచోడేనా?" అని అడిగింది.

"ఏం మంచోడు. పెళ్ళిల కూరలో ముక్కలు తక్కువేసిండ్రని మళ్ళ అలిగిండు. బిడ్డను ఆర్నెల్లు పుట్టింటికి పంపలే."

సిస్టరమ్మ ఆలోచించింది. "అయితే ఆ పంచె గురించి నాకిప్పుడు బాధ లేదు" అంది.

ఆయనకు నవ్వు వచ్చింది. ఆపుకోబోయి దగ్గు పట్టింది. ఆమె లేచి వీపు మీద నిమురుతూ, తనూ నవ్వింది. క్షమాపణలు, ఏడుపులు ఏమీ జరగలేదు. అంతే. ఆ రోజు మేము పెళ్ళికి చేరేసరికి తలంబ్రాల బియ్యం కోళ్ళు తింటున్నాయి. అప్పగింతలు మాత్రం అందాయి.

తర్వాతి నుంచి ఏ పెళ్ళయినా ఆమె ఒకరోజు ముందే బయల్దేరి అన్న ఇంట్లో దిగేది. మూడోసారి వెళ్ళేసరికి షెడ్డు బయట కొత్త ప్లగ్గు బిగించి ఉంది, ఎర్తింగు గుంత కూడా తవ్వించాడు. బోర్డు మీద డీజిల్ ఇంజన్ రిపేర్ కింద కొత్త రంగుతో ఇంకో వరస వచ్చింది. 'కరెంటు కారు ఛార్జింగ్. మా చెల్లెకు మాత్రమే.' ఒకసారి మణుగూరు పోతున్న ఇంకో కరెంటు కారు వాళ్ళు ఆగి ఎంత బతిమాలినా, "బోర్డు చదువుకోండ్రి" అని పంపించేశాడట.

ఆయన కూడా పెళ్ళిళ్ళకు రావడం మొదలుపెట్టాడు. వెనకసీట్లో విసనకర్ర పట్టుకొని, వాదులాడకుండా కూర్చునేవాడు. ఒక పెళ్ళిలో గాలివానకు చెట్టు పడి ఊరికంతా కరెంటు పోయింది. ముందు రోజు అన్న ఇంట్లో కరెంటు లేక ఛార్జింగ్ అంతంతమాత్రంగా ఎక్కింది. తెర మీద అంకె వెనక్కి రావడానికి చాలదు. అక్కడ ఉన్నదల్లా డీజే కోసం తెచ్చిన జనరేటరు. పెళ్ళికూతురి తండ్రి, సిస్టరమ్మ చేతిలో పడ్డ మొదటి తరం మనిషి, డీజే ఆపించి జనరేటరు కారుకు ఇప్పించాడు. కుర్రవాళ్ళు గొణిగారు. తర్వాత ఏం చేయాలో తోచక వాళ్ళూ వచ్చి కారు చుట్టూ కూర్చున్నారు. సెలైను ఎక్కుతున్న రోగి చుట్టూ కూర్చున్నట్టే ఉంది. ఒక ముసలమ్మ తన గూడెం భాషలో ఏదో అడిగింది, సిస్టరమ్మ అదే భాషలో జవాబు చెప్పింది. ఏమందో అని అడిగితే, "తగ్గుతదా అని అడిగింది. తగ్గుతదన్న" అని చెప్పింది.

జనరేటరు మధ్యలో మొరాయించింది. అన్న చొక్కా విప్పి దాన్ని బాగుచేయడానికి కూర్చున్నాడు. అది ఒక్కసారి గుప్పున పొగ వదిలి అందుకుంది. గాలి ఇటే ఉంది. సిస్టరమ్మ కొంగు అడ్డం పెట్టుకొని లేచి నాలుగడుగులు వేసింది గానీ ఆపుకోలేకపోయింది. పెళ్ళి పందిరి గుంజ పట్టుకొని వంగిపోయింది. ఆయన పరుగెత్తుకొచ్చాడు. తీరా దగ్గరికొచ్చాక తన చేతుల వంక చూసుకున్నాడు, మోచేతుల దాకా డీజిలే. అరచేతులు దూరంగా పైకెత్తి, మోచేతుల పైభాగంతో ఆమె నుదురు పట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే, కొంగలా ఒంగి నిలబడ్డాడు. "కానీ, కానీ. ఎవరు లేరు" అంటున్నాడు. చుట్టూ ఊరంతా ఉంది.

ఆమెకు పోయే ముందు రోజు పొద్దున ఛాతీలో నొప్పి వచ్చింది. అంబులెన్సు పిలుస్తామంటే, "వద్దు, అది డీజిలు" అంది. ఆమె కారులోనే మా ఆయన నడుపుతూ దవాఖానాకు తీసుకెళ్ళాడు. ముందు సీట్లో కూర్చుని తెర మీదే చూపు పెట్టి, "జల్దీ ఏం లేదు, మెల్లగ నొక్కు" అందట. మర్నాటికి ఆమె లేదు.

శ్మశానానికి మునిసిపాలిటీ వైకుంఠ రథం వచ్చింది. అన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక పొగగొట్టం చూసి, డ్రైవరుతో ఇంజను ఆపమన్నాడు.

"ఆమెకు డీజిలు పడదు" అన్నాడు.

డ్రైవరు కాస్త తటపటాయించి, "ఇప్పుడింకేమైతది పెద్దాయనా?" అన్నాడు.

"గిట్లనే అనేటోళ్ళు అందరు. ఏం కాదు, ఎక్కు, ఎక్కు అని. ఆమెకైతుండె."

దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఆమె బొడ్డు కోసిన వాళ్ళు. పాడెను ఊరి అవతలి దాకా భుజాలు మార్చుకుంటూ మోశారు. వైకుంఠ రథం డ్రైవరు, పిలిచాక ఉత్తగా పోవడం బాగుండదని, వెనకాలే వచ్చాడు. అన్న నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి, ఇంకా దూరం, ఇంకా దూరం అని వాడికి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

ఇల్లూ కారూ ఆయనకే వచ్చాయి. కిరాయి మేము ఫోన్లోనే పంపుతున్నాం, దాని కోసం ఆయన రానక్కర్లేదు. అయినా ఆదివారం ఆదివారం కారు వేసుకొని వస్తాడు. మా గోడకున్న ప్లగ్గుకు తీగ తగిలించి, తలంటుకున్న జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో మా వరండాలో కూర్చుంటాడు. మొదట్లో ఒకసారి, "ఊళ్ళో ఏమన్నా పని ఉందా మామా?" అని అడిగాను.

"ఛార్జింగ్ పెట్టుకుందామని" అన్నాడు.

"అంత దూరం ఛార్జింగ్ కోసం వచ్చారా?"

"వచ్చేటాలకు అయిపోయింది గదా. మళ్ళ పోవాలంటే పెట్టుకోవద్దా?" అన్నాడు. ఆలోచిస్తే అందులో తప్పేమీ కనపడలేదు.

సాయంత్రం దాకా ఉంటాడు. మా ఆయనతో లారీల సంగతులు చెప్తాడు, మా అత్తగారితో తనవీ చెల్లెవీ చిన్నప్పటి సంగతులు. ఈ నెలలో మా వీధి చివరే కొత్త ఛార్జింగ్ స్టేషన్ తెరిచారు. కాఫీ తాగేలోపు బండి నిండుతుందని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆయనకు చెప్పకపోతే బాగుండదని పోయిన ఆదివారం చెప్పాను.

ఆయన ఆ ఫ్లెక్సీ దాకా నడిచి వెళ్ళి, చదివి, వెనక్కి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

"అంత జల్దీ ఎక్కితే బ్యాటరీకి మంచిది కాదు బిడ్డా" అన్నాడు.

"అవ్ మామా" అని, నేను ఇంకో గ్లాసు బియ్యం కడగడానికి లోపలికి వెళ్ళాను.